జోడు లెక్క

పద్నాలుగో భాగం

"పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు వదినా. నువ్వైనా చెప్పు," అంది సరోజిని.

రూతు బడినుంచి వచ్చి ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. శనివారం ఒంటిపూట బడి. తడిసిన గొడుగు గోడకి ఆనించి, నడిమింటి గదిలోకి తొంగి చూసింది.

నతానియేలు మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు. బల్లమీద అన్నం కంచం మూతపెట్టింది పెట్టినట్టే ఉంది. దాని పక్కన అట్టపెట్టె. పెట్టెలో నూట పన్నెండు ఫోటోలు.

"మావయ్యగారూ, రెండు ముద్దలు తినండి. మందేసుకోవాలి కదండీ."

"దొంగలెక్క రాసినవాడికి అన్నమెందుకమ్మా?"

"దొంగలెక్కని ఎవరన్నారు నాన్నా?" సరోజిని గొంతు పెరిగింది.

"నువ్వే అన్నావు. బస్సు దిగొచ్చి గుమ్మంలో కాలు పెట్టకుండానే అన్నావు."

"సగం లెక్కేంటి నాన్నా అన్నాను. దొంగ అనలేదు."

"రెండింటికీ తేడా ఏంటే?"

రూతు చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని వచ్చి, ఆడపడుచుకీ మామగారికీ మధ్య ఉన్న ముక్కాలిపీట మీద కూర్చుంది. ఆ ఇంట్లో రెండేళ్ళుగా ఆమె చోటు అదే.

ఆ పెట్టెలో ఉన్న ఫోటోల్లో మొహాలు ఉండవు. జబ్బు మనిషి కాలేయంలోంచి సూదితో ఆవగింజంత ముక్క తీసి, మైక్రోస్కోపు కింద పెట్టి, కొన్ని వందల రెట్లు పెద్దది చేసి తీసిన ఫోటోలవి. ఒక్కోటి పలకంత ఉంటుంది. వెనక పేరుండదు. నంబరుంటుంది.

సరోజిని పట్నంలో ఒక ఆసుపత్రి పరిశోధన విభాగంలో డాక్టరు గంగాధరరావు దగ్గర పనిచేస్తోంది. క్షయ మందులు కొందరి కాలేయాన్ని దెబ్బతీస్తాయి. ఎవరికి ఎంత దెబ్బ తగిలిందో అంకెల్లో తేల్చాలి. ఒక్కో ఫోటోలో మూడువందల కణాలు చూసి, అందులో ముడుచుకుపోయి నల్లబడినవి ఎన్నో రాయాలి. ఆ అంకెల్ని చిల్లులు పొడిచిన కార్డుల మీదికి ఎక్కించి విశ్వవిద్యాలయంలో ఉన్న కంప్యూటరుకి ఇస్తారు. ఇదే మందు ఇలాగే వాడితే ఇంకా ఆరు వారాలకి ఆ కాలేయం ఎలా ఉంటుందో అది ముందే లెక్కగట్టి గీత గీసి ఇస్తుంది. నతానియేలు దాన్ని కాగితం మనిషి అనేవాడు. "మీ కాగితం మనిషికి ఎలా ఉందే?" అని అడిగేవాడు, కూతురు ఇంటికి వచ్చినప్పుడల్లా.

వందలకొద్దీ కణాలు లెక్కపెట్టడం ఒక్కదానివల్ల కాక, సరోజిని ఫోటోలు ఇంటికి తెచ్చేది. నతానియేలు నలభై ఏళ్ళు రాజోలులో ఒక కొబ్బరికాయల కొట్లో లెక్కమనిషిగా చేశాడు. పదివేల కాయల రాశి ముందు నిలబెడితే, ఒక్క కాయ తేడా రాకుండా చెప్పేవాడని పేరు. అద్దాలు పెట్టుకుంటే కళ్ళింకా బాగానే ఉన్నాయి. ఆయన లెక్కపెట్టేవాడు. రూతు పుస్తకంలో రాసేది.

"ఏం జరిగిందో నాకు మొదట్నుంచీ చెప్పు," అంది రూతు.

సరోజిని చేతిసంచీలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. చేత్తోనే పట్టుకుంది, ఇవ్వలేదు.

"మనం లెక్కపెట్టినవాట్లోంచి పది ఫోటోలు వేరే ఊరు పంపేరు. అక్కడ ఇంకొకళ్ళు లెక్కపెట్టేరు. ఆ రెండో లెక్క వస్తే, వచ్చిన సీలుకవర్లోనే బీరువాలో పెట్టేస్తారు. పని మొత్తం పూర్తయ్యేదాకా విప్పకూడదు. ముందే విప్పితే దాన్ని చూసి మొదటి లెక్క దిద్దేస్తారని భయం. మొన్న సోమవారం గంగాధరరావుగారు విప్పేరు."

"అయితే?"

"అయిదో నంబరు. మనం పద్దెనిమిది. వాళ్ళు ముప్పైమూడు. తొమ్మిదో నంబరు. మనం ఏడు. వాళ్ళు పన్నెండు. పదకొండో నంబరు, మనం పందొమ్మిది, వాళ్ళు ముప్పైనాలుగు..."

కాగితం వంక చూస్తూ చదువుకుంటూ పోయింది. ప్రతిచోటా మన లెక్క సగానికి కాస్త ఎక్కువ. నతానియేలు గోడవైపు తిరిగే వింటున్నాడు. ఒక్కో అంకెకీ ఆయన మెడ కొంచెం కొంచెంగా వంగింది.

హాజరు పిలిచేటప్పుడు పిల్లల పేర్లు మనసులో లెక్కవేసుకోవడం రూతుకి అలవాటు. సరోజిని చదవడం ఆపేసరికి తొమ్మిదే అయ్యాయి.

పది అంది కదా. రూతు ఆడపడుచు మొహం చూసింది. సరోజిని కాగితం మడిచి బల్లమీద పెట్టి, పైన చింతగింజల డబ్బా బరువు పెట్టింది.

రూతు అడగలేదు.

"మావయ్యగారూ, ఒక ఫోటో నా ముందు లెక్కపెట్టండి. ఎప్పుడూ ఎలా చేస్తారో అలాగే," అంది.

"పంతులమ్మవి కదా. పరీక్ష పెడుతున్నావా?"

"ఆయ్, పరీక్షేనండి."

ఆయన మెల్లిగా ఇటు తిరిగాడు. అద్దాలు తుడుచుకున్నాడు. పెట్టెలోంచి అయిదో నంబరు తీసి, కిటికీ దగ్గరికి జరిగి, ఫోటోమీద గళ్ళు గీసిన ప్లాస్టిక్ కాగితం పరిచాడు. పిన్నీసు తెరిచి, దాని మొనతో ఒక్కో గడీలో వెతుకుతూ పోయాడు. పదికోసారి చింతగింజ ఒకటి పక్కకి జరపడం ఆయన పద్ధతి. కొట్లో అయితే నూటికోసారి కాయ పక్కన పెట్టేవాడు.

"ఒకటి... రెండు... జోడు, మూడు... నాలుగు... జోడు, అయిదు..."

"ఆగండి నాన్నా," అంది సరోజిని. "ఆ జోడేంటి?"

"చిన్నవి కదే."

"చిన్నవైతే?"

"చిన్నకాయలు రెండు కలిపి ఒకటి." ఆయన తలెత్తి చూశాడు. ఇంత చిన్న సంగతి కూతురికి తెలియకపోవడం ఆయనకి వింతగా ఉంది. "మా కొట్లో ఎప్పుడూ అంతే. పెద్దకాయకీ చిన్నకాయకీ ఒకే లెక్కంటే కొనేవాడి నోట్లో మట్టికొట్టినట్టు కాదూ? చిన్నవి ఏరి, జోడుకి ఒకటి చొప్పున వేస్తే ఎవరికీ అన్యాయం ఉండదు. షావుకారు నన్ను నలభై ఏళ్ళు అందుకే ఉంచుకున్నాడు."

సరోజిని నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో ఇంకోలా మారింది.

"ఇక్కడ కొనేవాళ్ళెవరు నాన్నా?"

నతానియేలు చేతిలో పిన్నీసు ఫోటోమీదే ఉండిపోయింది. చూరునుంచి వాన చినుకులు గాబులో పడుతున్న చప్పుడొకటే.

రూతుకి చెవుల్లో ఆ మాట మోగుతోంది. జోడు. రెండేళ్ళు విన్నది ఆమె. పక్కన కూర్చుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఆయన చెప్పిన అంకె రాసుకుంటూ విన్నది. పాత పనివాడి నోటి అలవాటు అనుకుంది. తరగతిలో పిల్లవాడు లెక్క చేసి జవాబు చెబితే, ఎలా వచ్చిందిరా అని అడగందే సున్నా కూడా వేయదు. ఇంట్లో ఒక్కసారి కూడా అడగలేదు.

"నేను విన్నాను," అంది. "నేను అడిగి ఉండాల్సింది."

"నువ్వేం చేస్తావు వదినా."

"రాసింది నేను కదా."

"ఇప్పుడిది ఎవరు రాసేరు, ఎవరు విన్నారు అని కాదు." సరోజిని బల్లమీద వేళ్ళతో చిన్నగా కొడుతోంది. "మూడువందల్లో ముప్పై దాటితే మందు ఆపాలి. ముప్పైలోపైతే వాడచ్చు. ఈ లెక్కమీదే అందరికీ చెప్పేరు. కంప్యూటరు గీతలన్నీ ఈ లెక్కమీదే గీసింది. అన్నయ్యకి అది గీసిన గీతలో ఆరో వారానికి కాలేయం కుదుటపడిపోయింది. అయిదో వారంలోనే..."

ఆగిపోయింది. సత్యం పేరు ఆ ఇంట్లో ఎవరూ చివరిదాకా పలకరు. రూతు భర్త. కాలవ లాకుల దగ్గర గుమాస్తా పని చేసేవాడు. చలిజ్వరం కాదు, క్షయ అని తేలిన మూడు నెలలకి, ఎనభై ఒకటి అక్టోబరు చివర, పచ్చకామెర్లతో పోయాడు.

నతానియేలు ఏదో అడగబోయి నోరు తెరిచాడు. ఆ మాట బయటికి రాకుండానే వీధిలోంచి కేక వినిపించింది.

"ఉన్నారాండీ? టీచరుగారండీ!"

వీరాయమ్మ. చెరువుగట్టు అవతల పేటలో ఉంటుంది. కొబ్బరిపీచు పనికి వెళుతుంది. తలమీద గోనెసంచి కప్పుకుని, మోకాళ్ళదాకా బురదతో గుమ్మం బయటే నిలబడింది.

"సరోజినమ్మగారొచ్చేరని తెలిసి పరిగెత్తుకొచ్చేనండి. మా లచ్చికి నిన్నట్నించీ ఒకటే వాంతులండి. కళ్ళు చూస్తే పసుపు రాసినట్టున్నాయండి. మందులు ఆపేద్దామని మా ఆయన, పట్నంలో ఆపొద్దన్నారు కదా అని నేనూ, ఇంట్లో ఒకటే గొడవండి. మీ లెక్కలో మా పిల్లది బాగుందన్నారు కదండీ? ఆయ్, ఆ ధైర్యంతోనే ఈ పొద్దున కూడా మింగించేనండి."

సరోజిని మొహం పాలిపోయింది.

"కాసేపు అరుగుమీద కూర్చో వీరాయమ్మా. లోపలికెళ్ళి కాగితాలు చూసొస్తాను."

"కూర్చుంటానండి. పిల్లొకత్తే ఉందండి, కాస్త తొరగా చూడండి."

గదిలోకి వచ్చి సరోజిని తలుపు ఓరగా వేసింది. వీరాయమ్మ కూతురు వీరలక్ష్మి నంబరు ఏదని రూతు అడగలేదు. సరోజినే పెట్టెలో వెతికి ఒక ఫోటో తీసి తండ్రి ముందు పెట్టింది. అరవైమూడు. ఈ ఏడాది వేసవిలో తీసింది. రూతు పుస్తకం తిప్పి చూసింది. ఇరవైనాలుగు. పక్కన తన చేతిరాత, గుండ్రంగా, పొందిగ్గా.

"జోడు లేకుండా లెక్కపెట్టండి నాన్నా."

ఆయన లెక్కపెట్టాడు. ఈసారి గొంతు బయటికి రాలేదు. పెదాలు కదులుతున్నాయంతే. ఒక చింతగింజ జరిగింది. రెండోది జరిగింది. మూడోది జరిపేటప్పుడు వేలు కొంచెం ఆగింది. తర్వాత నాలుగోది.

"నలభైమూడు," అన్నాడు.

అరుగుమీద వీరాయమ్మ ఎవరితోనో వాన గురించి మాట్లాడుతోంది.

"వెళ్ళి ఆపమని చెప్పు," అంది రూతు.

"అంత సులువా వదినా? ఎందుకు ఆపేరని అడుగుతారు. లెక్క తప్పంటే, ఎవరు లెక్కపెట్టేరంటారు."

"చెప్పు."

"శిక్షణ పొందిన టెక్నీషియను లెక్కపెట్టేడని రాసి సంతకం పెట్టేను. సోమవారం ఆ మనిషిని తీసుకురమ్మన్నారు గంగాధరరావుగారు. ఎవర్ని తీసుకెళ్ళను? నాలుగేళ్ళ పని వదినా. ఈ ఊర్నుంచి, మన పేటనుంచి అంతదూరం ఎవరెళ్ళేరు? నన్ను పంపడానికి అన్నయ్య సైకిలు అమ్మేడు."

"టెక్నీషియనంటే నేనేనా?" అన్నాడు నతానియేలు.

సరోజిని అరవైమూడో ఫోటో తీసి పెట్టెలో పెట్టేసింది.

"నా పేరు రాయడానికి సిగ్గేసిందా?"

"ఏడో తరగతి చదివిన కాయల లెక్కమనిషి అని రాయమంటారా నాన్నా?"

"రాయాల్సింది." ఆయన గొంతులో కోపం లేదు. "రాస్తే ఎవడో ఒకడు అడిగుండేవాడు, కాయలెలా లెక్కేస్తావురా అని."

ఆ మాటకి సరోజిని మంచం పట్టె పట్టుకుని కూర్చుండిపోయింది. చివరికి రూతే అడిగింది, తరగతిలో అడిగినట్టు, మెత్తగా.

"ఆ పిల్ల రోజుకెన్నిసార్లు మింగుతుంది?"

"ఒకసారి. పరగడుపున."

"సోమవారం నువ్వు వాళ్ళకి చెప్పేలోపు?"

"రేపు. ఎల్లుండి."

"రెండు."

సరోజిని లేచింది. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుంది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"రేపు పొద్దున్న మొదటి బస్సుకి వీరలక్ష్మిని నాతో తీసుకెళతాను. ఎదుర్లంక దగ్గర రేవు దాటించే పంటు నడుస్తుందో లేదో కనుక్కోవాలి, గోదారి పోటుమీదుంది. నాన్నచేత అన్నం తినిపించు వదినా."

వీధిలో ఆమె మాటలు వినిపించాయి. "ఆ మందు ఇంక వెయ్యకు వీరాయమ్మా. ఒక్కటి కూడా. పద, నేనూ వస్తున్నాను." వీరాయమ్మ ఏదో అడిగింది. "లెక్కలో పొరపాటు జరిగింది," అంది సరోజిని. ఇంకేం చెప్పిందో వానలో వినపడలేదు.

ఇంట్లో ఇద్దరూ మిగిలారు.

రూతు కంచం మూత తీసింది. పప్పు చల్లారి గడ్డకట్టింది. కాస్త వేడి చేసుకొస్తానని లేవబోయింది.

"కూర్చో అమ్మా," అన్నాడు నతానియేలు. "ఒక్కమాట అడుగుతాను. నాకు అబద్ధం చెప్పకు."

ఆమె కూర్చుంది.

"ఈ పెట్టెలో మనవాడు ఉన్నాడా?"

రూతుకి ఆ రోజు గుర్తుంది. ఎనభై ఒకటి సెప్టెంబరు. సరోజిని వాకిట్లోనే అరుస్తూ వచ్చింది, అన్నయ్య లెక్క ఇరవైరెండేనంట, ముప్పైలోపేనంట, మందు ఆపక్కర్లేదంట అని. మధ్యాహ్నం చేపల పులుసు పెట్టుకున్నారు. సత్యం రెండోసారి అన్నం వేయించుకున్నాడు. నతానియేలు చెంబెత్తి గటగటా నీళ్ళు తాగి, "దేవుడికి స్తోత్రం" అన్నాడు. ఆ ఇరవైరెండు ఎవరు లెక్కపెట్టారో ఆ రోజు ఎవరూ ఆలోచించలేదు.

తర్వాత రెండేళ్ళలో ఒక్కసారి, పుస్తకం తిరగేస్తుంటే, సెప్టెంబరు పేజీలో ఇరవైరెండు కనిపించింది. ఎదురుగా ఉన్న నంబరు చూడకుండా పేజీ తిప్పేసింది.

ఇప్పుడు చూసింది. ఆ నెలలో ఇరవైరెండు ఒక్కచోటే ఉంది.

"ఉన్నారండి," అంది. "పదిహేడు."

ఆయన పెట్టె దగ్గరికి లాక్కున్నాడు. ఫోటోలు ఒక్కొక్కటీ పక్కన పెడుతూ వెళ్ళాడు. పదహారు. పదిహేడు. రెండు చేతులతో ఎత్తి కిటికీ వెలుగులో పట్టుకున్నాడు.

తీర్థం జనంలో వెనకనుంచి నడక చూసి కొడుకుని పోల్చుకునే మనిషి. ఈ ఫోటోని రెండేళ్ళ కిందట రోజంతా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పోల్చుకోలేదు. ఇప్పుడూ అందులో మిగతా వాటికంటే వేరుగా ఏమీ కనబడలేదు. నల్లటి చుక్కలు, బూడిదరంగు గడులు, మూలన కలం సిరాతో అంకె.

"ఎంత జాగ్రత్తగా చేసేనో అమ్మా," అన్నాడు. "ఎవరి బిడ్డో కదా, తప్పు పోకూడదని ఒక్కోటి రెండుసార్లు చూసేను. రెండుసార్లూ జోడు కట్టేను."

రూతు ఆయన చెయ్యి పట్టుకోలేదు. పట్టుకుంటే ఆయన ఏడుస్తాడని ఆమెకి తెలుసు. ఏడిస్తే లెక్కపెట్టలేడు.

"పుస్తకం తియ్యి," అన్నాడు. "కొత్త పేజీ. నువ్వు రాయి. పైకి చెబుతాను, ఈసారి నీకు వినపడాలి."

ఆమె కొత్త పేజీ తీసింది. తారీఖు వేసింది. పదిహేడు అని రాసింది.

"ఒకటి," అన్నాడు నతానియేలు. "రెండు. మూడు."

చిన్నవాటికీ పెద్దవాటికీ ఒకే మాట. ఒక్కోదానిమీద పిన్నీసు మొన ఆనించి, అది ఒకటే అని నిర్ధారణ చేసుకుని, అప్పుడు పలుకుతున్నాడు. అయిదు దగ్గర దగ్గొచ్చింది. ఆగి, గుటక వేసి, ఆరు అన్నాడు.

అప్పుడు రూతు చూపు చింతగింజల డబ్బామీద పడింది. దాని కింద మడత కాగితం. సరోజిని చదవకుండా వదిలేసిన పదో నంబరు అందులో ఉంది. వాళ్ళెంత చెప్పారో తెలిస్తే, ఈ ముసలాయన్ని చివరిదాకా లెక్కపెట్టనివ్వాలో, మధ్యలోనే ఆపాలో తేలుతుంది. ఆమె డబ్బా జరిపి కాగితం విప్పింది.

పదిహేడు. మొదటి లెక్క ఇరవైరెండు. రెండో లెక్క ముప్పైతొమ్మిది.

"పదకొండు," అన్నాడు నతానియేలు. చింతగింజ ఒకటి జరిగే ఉంది.

ముప్పైతొమ్మిది. రూతు ఆ అంకెని పిల్లవాడి పలకమీద జవాబు చూసినట్టు చూసింది. కళ్ళల్లో నీళ్ళు రాలేదు. కాగితం అడుగున టైపు చేసిన తారీఖు ఉంది. అక్టోబరు అయిదు, ఎనభై ఒకటి.

సత్యం పోయింది ఇరవైతొమ్మిదిన.

ఇరవైనాలుగు రోజులు. ఇరవైనాలుగు పరగడుపులు. మందుబిళ్ళ అరచేతిలో పెట్టి, గ్లాసు అందించి, మింగేదాకా దగ్గర నిలబడింది తనే. ఆ రోజులన్నిట్లోనూ ఈ కాగితం ఎక్కడో బీరువాలో, సీలుకవర్లో ఉంది. విప్పకూడదన్నారు కాబట్టి ఎవరూ విప్పలేదు. అది వాళ్ళ పద్ధతి. పద్ధతిని ఏమనగలదు?

కాగితం మళ్ళీ మడవబోయింది. వెనకవైపు, మూలన, ఆకుపచ్చ సిరాతో చిన్న అక్షరాలు కనిపించాయి. చూశాను, అని రాసి ఉంది. కింద సంతకం. సంతకం కింద తారీఖు. అక్టోబరు ఎనిమిది, ఎనభై ఒకటి.

ఆ సంతకం రూతు రెండేళ్ళుగా ఆడపడుచు రాసే నెలకో ఉత్తరంలో చూస్తూనే ఉంది.

"పందొమ్మిది," అన్నాడు నతానియేలు. "రాస్తున్నావా అమ్మాయ్?"

"ఆయ్. చెప్పండి."

వీధి గేటు కిర్రుమంది. గాబు దగ్గర చెంబు చప్పుడు. సరోజిని వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. రూతు పుస్తకం ఒక చేత్తో, కాగితం ఒక చేత్తో పట్టుకుని గుమ్మందాకా వచ్చి నిలబడింది. లోపలి మాట వినపడేంత దగ్గర, బయటి మాట లోపలికి వినపడనంత దూరం.

"ఆపించేను వదినా," అంది సరోజిని తలెత్తకుండా. "పిల్ల నీరసంగా ఉంది కానీ మాట్లాడుతోంది. రేపు తీసుకెళతాను. సోమవారం అంతా చెప్పేస్తాను. ఉద్యోగం పోతే పోనీ. నేనే రాసుకుంటాను, లెక్కపెట్టింది మా నాన్న అని."

"సరోజినీ. ఈ రెండో లెక్క నువ్వెప్పుడు చూసేవు?"

"చెప్పేను కదా. మొన్న సోమవారం."

"ఇరవైఅయిదు," వినిపించింది లోపల్నుంచి.

రూతు కాగితం వెనక్కి తిప్పి పట్టుకుంది. వాన తుంపర పడి ఆకుపచ్చ సిరా ఒక్కచోట కొంచెం వ్యాపించింది.

"కవరు వస్తే, అందిందని సంతకం కవరుమీద పెడతారనుకున్నాను," అంది. ఆమె గొంతు తరగతి గొంతే, ఎత్తూ లేదు, తగ్గూ లేదు. "ఇది లోపలి కాగితం."

సరోజిని వంగినది వంగినట్టే ఉండిపోయింది. చెంబులో నీళ్ళు పాదాలమీద పడుతున్నాయి. బురద ఎప్పుడో పోయింది. నీళ్ళు ఇంకా పడుతూనే ఉన్నాయి.

"వదినా..."

"అక్టోబరు ఎనిమిది. అప్పటికి ఆయన ఇంకా లేచి తిరుగుతున్నారు. ఆ ఆదివారం చర్చికి కూడా వచ్చేరు."

చెంబు ఖాళీ అయింది.

"ముప్పై," అన్నాడు లోపల నతానియేలు. మూడో చింతగింజ జరిగిన చప్పుడు ఆలస్యంగా వినిపించింది. తర్వాత, "ముప్పైఒకటి. అమ్మాయ్, రాసేవా?"

"రాస్తున్నానండీ," అంది రూతు, సరోజిని మొహంమీంచి చూపు తిప్పకుండా. "ఆపకండి మావయ్యగారూ. చెప్పండి."